దాఁగుడుమూఁతలు: పిల్లల బొమ్మల పుస్తకము

తెలుఁగునాట దాఁగుడుమూఁత లాడక పెరిగినవా రరుదు. ఆ యాటనుగూర్చి విచారించిన పండితు లంతకంటె నరుదు. ఇఁక నా యాటను గథగాఁ జేసికొని వెలువడిన పిల్లల బొమ్మల పుస్తకములను బుస్తకములుగ నెంచుటకే మనలోఁ బలువురు సంశయింతురు. పుటకు నొకటి రెండు వాక్యములు, తక్కినదంతయు బొమ్మ. పద్యము లేదు, నీతివాక్యము లేదు, టీక వ్రాయఁదగిన కఠినపద మొక్కటియు లేదు. ఇట్టిదానియందు విచారింపవలసిన విషయ మేమున్నదని యడుగుట సహజమే.

ఉన్నదని చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. దాఁగుడుమూఁతల కొక ధర్మము గలదు. దాఁగువాఁడు దొరకుటకొఱకే దాఁగవలెను. వెదకువాఁడు దొరకువఱకు వెదకవలెను. ఈ ధర్మము స్నేహధర్మముకంటె వేఱు గాదు. మంచి బొమ్మల పుస్తకము దీనిని మాటలతో బోధింపక, చదువు శిశువుచేతనే యా యాట నాడించి తెలియఁజేయును. ఈ సంగతి నెఱుఁగక యట్టి పుస్తకములను దెలుఁగుసేయఁ బూనుకొన్నను, బడిపిల్లలకుఁ జదివి వినిపింపఁ బూనుకొన్నను ఆటయుఁ జెడును, పుస్తకముఁ జెడును.

పదవిచారము

'దాఁగుడుమూఁత' యనుపదము రెండు పనుల కూడిక. దాఁగుట యొకరి పని. మూఁత, అనఁగాఁ గన్నులు మూఁతపడుట, వేఱొకరి వంతు. ఆంగ్లభాషలో నీ యాటపేరు 'దాఁగుము, వెదకుము' అను నర్థము నిచ్చును. మన పేరు వెదకుటను జెప్పదు. వెదకుటకు ముందు జరుగు మూఁతను జెప్పును. ఆలోచించినచో ఆటలోని మొదటి మర్యాద యిదియే. చూడఁగలవాఁడు, తక్కినవారి కవకాశ మిచ్చుటకై, కొంతసేపు చూడకుండుట కొడంబడును. ఈ యొడంబాటు లేనిచో నది వేఁట యగునుగాని యాట గాదు.

ప్రాచీనరూపములలో 'దాఁగిలిమ్రుచ్చులు' అనునది యొకటి. మ్రుచ్చనఁగా దొంగ. నేఁటికిని బిల్లలు వెదకువానిని 'దొంగ' యనియే పిలుతురు. ఇది వింతయైన వ్యవహారము. లోకములో దాఁగువాఁడు దొంగ, వెదకువాఁడు తలారి. ఆటలోనో, దాఁగినవా రందఱు దొరలు. వెదకువాఁ డొక్కఁడే దొంగ. జపానుదేశపుఁ బిల్లలు వెదకువానిని 'ఓని' యందురు. ఆ మాటకు రాక్షసుఁడని యర్థము. తెలుఁగుపిల్లలు తమలో నొకని దొంగను జేయఁగా, జపానుపిల్లలు తమలో నొకని రాక్షసునిఁ జేసిరి. ఉభయులును దమ చెలికానికే యా పేరు పెట్టుదురు. ఆట ముగిసినతోడనే యా పేరు పోవును. దొంగ యనిపించుకొనుటకు రోషపడనివాఁడే యాటకుఁ దగినవాఁడు. తోటివానికి దొంగపేరు పెట్టి దానిని మనసున నుంచుకొననివాఁడే జతకుఁ దగినవాఁడు.

మన నుడికారము మాత్రము వేఱుదారి పట్టినది. ఒకఁడు నిజము చెప్పక తప్పించుకొని తిరుగుచున్నచో, 'వాఁడు మనతో దాఁగుడుమూఁత లాడుచున్నాఁడు' అందుము. అప్పు తీర్పనివానిని, మాట యిచ్చి కనఁబడనివానినిగూర్చియు నిట్లే యందుము. ఈ నుడికారమునందు దాఁగుట దొరకకుండుటకు. పిల్లల యాటలో దాఁగుట దొరకుటకు. పేరొక్కటియే యైనను ధర్మము విపరీతమైనది. పిల్లల పుస్తకమును బరిశీలించునప్పుడు పెద్దల నుడికారమును మఱవవలెను.

క్రీడాస్వరూపము

ఊరూర నియమభేదము లున్నను, మనదేశమున సాధారణముగఁ గానవచ్చు విధ మిది. పెద్దపిల్ల యొకతె గాని, ఇంటిలోని ముసలమ్మ గాని 'తల్లి' యై కూర్చుండి దొంగకన్నులను జేతులతో మూయును. తక్కినవారు తలుపులచాటునను, గాదెలవెనుకను, గడ్డివాములమఱుఁగునను దాఁగుదురు. తల్లి చేతులు తీయఁగానే దొంగ వెదకఁబోవును. దాఁగినవారు దొంగ తమ్ముఁ దాఁకకమున్నే వచ్చి తల్లిని దాఁకవలెను. తల్లిని దాఁకినవారికి భయము లేదు. త్రోవలోఁ జిక్కినవాఁడు పై యాటకు దొంగ. కావున మనయాటలో దాఁగి యూరకుండుట చాలదు, మరలి రావలెను. దాఁగుటకంటె మరలివచ్చుటయే గెలుపు.

గ్రీకుపిల్లలును దాదాపు నిట్లే యాడిరి. క్రీస్తుశకము 2వ శతాబ్దియందు జూలియస్ పోలక్స్ అను విద్వాంసుఁడు గ్రీకుపదములను విషయక్రమమునఁ గూర్చి 'ఒనొమాస్టికాన్' అను కోశమును రచించెను. అందు 9వ భాగమునఁ బిల్లల యాటలను వర్ణించుచు 'అపోడిడ్రాస్కిండా' యను నాటను బేర్కొనెను. నడుమ నొకఁడు కన్నులు మూసికొని కూర్చుండును, లేక వేఱొకఁడు వానికన్నులు మూయును, తక్కినవారు పాఱిపోవుదురు, వాఁడు లేచి వెదకఁబోఁగా, దాఁగినవారు వానిచోటును ముందుగాఁ జేర యత్నింతురు. ఆ పేరునకుఁ బాఱిపోవుట యని యర్థమైనను, ఆట పాఱిపోవుటతో ముగియదు, మరలివచ్చుటతో ముగియును. దూరస్థములైన రెండు దేశములయందును నియమ మొక్కటియే యగుట గమనింపఁదగినది.

మన పురాణములలో నీ యాటకు శ్రీమద్భాగవతము ప్రధానమైన తావు. దశమస్కంధమున గోపబాలురు క్రీడించిన క్రీడలలో 'నిలాయన' మనునది యొకటి, అది దాఁగుటయే. కన్నులు గట్టి యాడు 'నేత్రబంధ' మను వేఱొక క్రీడయు నచటఁ జెప్పఁబడినది. 37వ యధ్యాయమున వ్యోమాసురుని కథ యీ నిలాయనక్రీడ నాశ్రయించియే నడచినది. గోపబాలురు కొండచఱియలఁ బసుల మేపుచు, కొందఱు గొఱ్ఱెలుగాను, కొందఱు కాపరులుగాను, కొందఱు దొంగలుగాను ఏర్పడి యాడుచుండిరి. మయుని కొడుకగు వ్యోముఁడు గోపవేషముతో వారిలోఁ గలిసి దొంగ యయ్యెను. గొఱ్ఱెలైన బాలుర నొక్కొక్కనిఁ గొనిపోయి కొండగుహలో వైచి బండతో ద్వారము మూసెను. తుదకు నలువురో యైదుగురో మిగిలిరి. కృష్ణుఁడు వానిచేఁత నెఱిఁగి, వానిని జంపి, గుహాద్వారమును భేదించి చెలికాండ్రను వెలికిఁ దెచ్చెను.

ఈ కథను భక్తిపరముగ వ్యాఖ్యానించినవారు పెక్కండ్రు. క్రీడాపరముగఁ జూచినను దీని కర్థము గలదు. వ్యోముఁ డాటలో దొంగయగుట దోషము గాదు. బాలురును దొంగలుగ నాడుచునే యుండిరి. దాఁచినవారిని మరల రానీయకుండుటయే వాని దోషము. వాఁడు దాఁగుడుమూఁతలోని 'దాఁగుడు'ను గైకొని 'దొరకుట'ను ద్రోసివైచెను. ఆ క్షణముననే యాట యపహరణ మయ్యెను. దొరకనివారికొఱకుఁ బోయి గుహను దెఱచినవాఁడు చెలికాఁడు. ఆటధర్మమును జెఱచుట యెట్లుండునో, దానిని నిలుపుట యెట్లుండునో యీ కథ రెంటిని జూపుచున్నది.

శిశుచిత్తము

పిల్లల కీ యాటయం దింత మక్కువ యేలయను ప్రశ్నకు 20వ శతాబ్దిలోని మనశ్శాస్త్రజ్ఞులు కొంత సమాధానము చెప్పిరి. స్విట్జర్లండు దేశీయుఁడగు జాఁ ప్యాజే తన బిడ్డలనే పరిశీలించి, 1937లో వెలువడిన గ్రంథమున నొక సంగతిని వివరించెను. చంటిబిడ్డ యెదుట బొమ్మను గుడ్డతోఁ గప్పినచో, ఎనిమిది తొమ్మిది నెలల ప్రాయమునకుముందు ఆ బిడ్డ దానిని వెదకదు. ఆ ప్రాయము వచ్చినపిదప గుడ్డను లాగి బొమ్మను దీసికొనును. కనఁబడని వస్తువును గలదను నెఱుక క్రమముగ నేర్పడునని యాతని మతము. ఈ యెఱుక ప్యాజే తలంచినదానికంటె ముందే మొలకెత్తునని 1985 మొదలుకొని కొందఱు ప్రయోగములవలనఁ జూపిరి. ప్రాయమును గూర్చి వివాద మున్నను, కనఁబడనిదియు నుండుననుట శిశువు సాధించు గొప్పవిద్య యనుటలో వివాదము లేదు. దాఁగుడుమూఁత లా విద్యకు నిత్యాభ్యాసము.

మూఁడేండ్ల బిడ్డ దాఁగుట యెఱిఁగినవారికి వేఱొక వింతయుఁ దెలియును. ఆ బిడ్డ గదినడుమ నిలిచి తనకన్నులను దాను మూసికొని, తాను దాఁగితి ననుకొనును. పెద్దలు దీనిని వెఱ్ఱితన మని నవ్వుదురు. 2012లో కేంబ్రిడ్జి విద్వాంసులు మూఁడు నాలుగేండ్ల పిల్లల కన్నులకు గంత గట్టి ప్రశ్నించిరి. తమ్ము నెవ్వరును జూడఁజాలరని పిల్లలలోఁ బెక్కండ్రు చెప్పిరి. కాని తమ శరీరము కనఁబడుచున్నదా యనఁగా, కనఁబడుచున్నదనియే యొప్పుకొనిరి. అనఁగాఁ గన్నులు మూసికొన్నప్పుడు దేహము కనఁబడును, 'నేను' కనఁబడను. ఇరువురి చూపులును గలిసినఁగాని 'నేను' కనఁబడినట్లు గాదని శిశువు తలంచుచున్నది. మనము వెఱ్ఱితన మనుకొన్నది వేఱొక విధమైన తెలివి. చూచుట యొక్కరి పని గాదు, ఇరువురి పని యని దాని భావము.

ఆంగ్లదేశపు శిశువైద్యుఁడును మనోవైద్యుఁడును నగు వినికాట్ 1963లో నొక వ్యాసమునఁ జెప్పిన మాటయు నిచట స్మరింపఁదగును. దాఁగియుండుట శిశువున కానందమే యైనను, ఎవ్వరును వచ్చి కనుఁగొనకపోవుట దానికి గొప్పయాపద యని యాతని యభిప్రాయము. దాఁగిన బిడ్డ, వెదకువారు ప్రక్కగాఁ బోవునప్పుడు కిలకిల నవ్వి తనచోటును దానే తెలుపుట మన మెఱుఁగుదుము. ఆటను సరిగా నాడ నేరమి గాదది, ఆటసారమును బట్టుకొనుట.

ఇంకొక చిన్న నిదర్శనము. 2019లో బెర్లినునగరమునందలి హంబోల్టు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞు లెలుకలకు మనుష్యులతో దాఁగుడుమూఁత లాడుట నేర్పిరి. తిండి బహుమానముగఁ బెట్టలేదు. దొరకినప్పుడు చక్కిలిగిలి పెట్టి యాడించుటయే బహుమానము. ఎలుకలు దాఁగునపుడు పారదర్శకమైన పెట్టెలకంటె లోపలిది కనఁబడని పెట్టెలనే యెక్కువగఁ గోరినవి. దాఁగినంతసేపు కూఁతలు తగ్గించినవి. దొరకినపిదప మఱల మఱల దాఁగి యాటను బొడిగించుటయుఁ గలదు. గెలుపుకొఱకుఁ గాక కూడికకొఱకే యాట యనుట మనుష్యజాతికి మాత్రమే చెల్లునది గాదు కాఁబోలు.

రెండు పుస్తకములు

ఇట్టి యాటను బుస్తకములో నెట్లు పెట్టవచ్చును? కథగాఁ జెప్పినచో వినువాఁడు ప్రేక్షకుఁ డగునేకాని యాటగాఁడు గాఁడు. బొమ్మల పుస్తకము మాత్రమే యీ చిక్కును విడఁదీసినది. పిల్లలకై బొమ్మలతోఁ గూర్చిన పుస్తకములలోఁ బేరెన్నికగన్నది కొమీనియస్ 1658లో నూరెంబర్గునఁ బ్రకటించిన 'ఆర్బిస్ పిక్టస్'. అందు బొమ్మ వస్తువును జూపుటకే కాని దాఁచుటకుఁ గాదు. 1765 ప్రాంతమున లండనునందు రాబర్టు సేయరు కాగితపు మడతలు గల పుస్తకములను బ్రకటించెను. మడత నెత్తినచోఁ జిత్రము మాఱును. అప్పటినుండి పుట యొక తలుపు గాఁగలదని తెలిసినది. ఆ తలుపుచాటున దాఁగుడుమూఁతలు నిలుచుటకు మఱి రెండు శతాబ్దులు పట్టినది.

1980లో ఆంగ్లచిత్రకారుఁడు ఎరిక్ హిల్ (1927–2014) 'వేర్ ఈజ్ స్పాట్?' అను చిన్నిపుస్తకమును వెలువరించెను. తాను సిద్ధపఱచుచున్న యొక ప్రకటనపత్రములోని కాగితపు మడతల నెత్తి చూచుచుఁ దన కుమారుఁడు మురియుట గని, వానికొఱకై యాతఁ డీ కల్పన చేసెను. కథ యింతే. స్పాట్ అను కుక్కపిల్ల బువ్వ తినలేదు. తల్లి శాలీ దానిని వెదకఁబోవును. తలుపువెనుక నెలుఁగుబంటి; గడియారములోఁ బాము; పియానోలో నీటిగుఱ్ఱము; మెట్లక్రింద సింహము; బట్టల బీరువాలోఁ గోఁతి; మంచముక్రింద మొసలి; పెట్టెలోఁ బెంగ్విను పక్షులు. తివాచిక్రిందనున్న తాఁబేలు బుట్టలోఁ జూడుమని చెప్పును. బుట్టలో స్పాట్ దొరకును. తరువాత బువ్వ తినును.

ఈ పుస్తకమున దొంగ యెవ్వరు? కథలో వెదకునది తల్లికుక్క. కాని ప్రతిపుటయందును మడత నెత్తునది శిశువుచేయి. కావున నిజమైన దొంగ చదువరియే. ఎలుఁగుబంటి, సింహము, మొసలి యను మాటలు పెద్దలకు భయంకరములు. ఇచట నొక్కటియైనఁ గఱవదు. శిశువు తెఱచిన ప్రతితలుపువెనుకను నొక కొత్తముఖము చూచుచుండును. వెదకినది దొరకకపోయినను వెదకుట వ్యర్థము గాలేదు. తుదకు దాఁగినవాఁడు దొరకఁగానే తిట్టు లేదు, దండన లేదు, బువ్వ గలదు. ఇంతకంటె నీతి కావలసిన పంతులుగారికి, ఆ మొదటి బువ్వగిన్నెను మఱల నొకమాఱు చూడుఁడని మనవి.

రెండవది జపానుదేశపుది. 1978లో సుయెయోషి అకికో కథ వ్రాయఁగా హయాషి అకికో బొమ్మలు వ్రాసిన 'మోరి నో కకురెంబో' యను పుస్తకము; 'అడవిలోని దాఁగుడుమూఁతలు' అని తెలుఁగున ననవచ్చును. కేయికో యను బాలిక యింటికిఁ బోవుచు, అన్నను వెంబడించి కంచెసందున దూరి, బంగారువన్నె నున్న యొక శరత్కాలపుటడవిలోఁ బడును. అచటఁ జెట్టులోఁ గలిసిపోయియున్న యొక బాలుఁడు కనఁబడును. వాని పేరును ఆటపేరే. అడవిమృగములును గూడి యాడును. చిత్రకారిణి యాకులలోను గొమ్మలలోను మృగములను దాఁచి వ్రాసినది. రేఖయే కొమ్మ, రేఖయే కొమ్ము. చూపు నిలిపినఁగాని విడివడవు. తుద కా యడవి మాయమై, బాలిక యన్నను గలిసికొనును. వారు నివసించు నిండ్లవరుసలు కట్టకమునుపు ఆ తావున నిజముగ నొక గొప్పయడవి యుండె నని తెలియవచ్చును.

ఎరిక్ హిల్ పుస్తకమునఁ గాగితపుమడత దాఁచినది. ఇచట బొమ్మయే దాఁచినది. అచటఁ జేయి వెదకినది. ఇచటఁ గన్ను వెదకవలెను. అచట దాఁగినవాఁడు సంపూర్ణముగ దొరకెను. ఇచట నడవి యొక్కటి దొరకక మిగిలినది. జపానుదేశపు టాటలో వెదకువాఁడు 'అయినదా?' యని కేక వేయును. దాఁగువారు 'ఇంకను గాలేదు' అనియో 'అయినది' అనియో బదులు పలుకుదురు. దాఁగినవాఁడు పలికి తన యునికిని దెలుపుట యచటి మర్యాద. ఇండ్లక్రిందఁ బడిన యడవి మాత్ర మిఁకఁ బదులు పలుకదు. చిన్నపిల్లల పుస్తకమున నింత బరువైన సంగతిని, ఏడుపు లేకయు నుపన్యాసము లేకయు నిమిడ్చిరి. స్నేహితుఁడు దొరకకపోవుట యెట్టిదో యీ పుస్తకము మెల్లగఁ దెలుపుచున్నది.

తెలుఁగుసేఁత

ఇట్టి పుస్తకములను దెలుఁగు చేయుట సులభ మని తోఁచును. పదములు నూఱును మించవు. కాని వ్యాకరణమంతయు నా నూఱుపదములలోనే పొంచియుండును. స్పాట్ కథనే తీసికొందము.

మొదటిది వాక్యక్రమము. ఆంగ్లమున 'వెనుక', 'క్రింద', 'లోపల' యను మాటలు ముందును, తలుపు మంచము మున్నగునవి తరువాతను వచ్చును. తెలుఁగున ముందు వస్తువు, పిదపఁ దావు. 'తలుపు' అనఁగానే శిశువు వ్రేలు తలుపుబొమ్మమీఁదికిఁ బోవును, 'వెనుక' అనఁగానే చేయి మడతను బట్టును, 'ఉన్నదా?' యనునప్పటికి మడత లేచును. తెలుఁగువాక్య మీ యాటకుఁ జక్కగ సరిపోవుచున్నది. ప్రశ్నార్థకమగు తుది దీర్ఘమును, చదువువారు మడత లేచువఱకుఁ బట్టి నిలుపవచ్చును. ఈ ప్రశ్నను 'ఏమో, తలుపువెనుక నున్నదేమో చూతమా' యని పెంచి వ్రాసినచో చేయి ముందుపోయి మాట వెనుకఁబడును.

రెండవది విభక్తివిషయము. చిన్నయసూరి తన బాలవ్యాకరణమున అందు, ఇందు, న యనువానిని సప్తమియందును, లో, లోపల యనువానిని షష్ఠియందును జేర్చెను. బడిలో నీ పట్టికను వల్లించిన బాలుఁడు, 'పెట్టెలో నున్నది' యనుచోట లో యెట్లు షష్ఠి యయ్యెనని యడుగుటకు జంకును. దాఁగుడుమూఁతల పుస్తకములో లో, క్రింద, వెనుక యనునవే కథానాయకములు. పట్టిక చేరకమున్నే వాని యర్థభేదమును శిశువు చేతితోఁ దెలిసికొనును. విభక్తిబోధకు నింతకంటెఁ దగిన ప్రవేశిక లేదు.

మూఁడవది నిషేధము. ఎలుఁగుబంటి తలుపుచాటునుండి చెప్పు ప్రత్యుత్తరము ఆంగ్లమున నొక్కమాట. తెలుఁగున లేదు, కాదు అని రెండు గలవు. 'లేదు' అనినచో స్పాట్ ఇచట లేదని యర్థము. 'కాదు' అనినచోఁ గనఁబడినది స్పాట్ కాదని యర్థము. 'నేను గాను' అని మృగముచేతనే పలికించుట వేఱొక మార్గము. ఒక్కొక్క దానివలన నొక్కొక్క తీరుగ నాట నడచును. వెదకు తావుమీఁద దృష్టి నిలుపవలె ననినచో లేదు మేలు. ఎదురైన ముఖముమీఁద నిలుపవలె ననినచోఁ గాను మేలు. పుస్తకమంతట నొక్కటియే పాటింపవలెను. ఈ యెన్నిక చేయక రెంటిని గలిపినచో శిశువునకు రెండు నిషేధములయందలి భేదము మఱుగుపడును.

నాలుగవది లింగము. కుక్కపిల్ల యమహత్తు, కావున 'ఉన్నది' యనవలెను. కాని పేరు పెట్టఁబడి, బువ్వకుఁ బిలువఁబడు కుక్కపిల్ల యింటిబిడ్డవంటిది. 'ఉన్నాఁడు' అనుట కథాధర్మమునకు విరుద్ధము గాదు. చిన్నయసూరియే 1853లోఁ బ్రకటించిన నీతిచంద్రికలో నక్కలను గరటకుఁడు, దమనకుఁడు అని వ్యవహరించెను. కావున నీ విషయమునఁ బూర్వసంప్రదాయము మనకుఁ దోడు వచ్చును. ఇంటిలో తల్లి బిడ్డతో నెట్లు పలుకునో యట్లే యుండుట యుత్తమము.

ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది, నీతివాక్యమును జేర్పకుండుట. పుస్తకము చివరఁ 'గావున మిత్రులు కలసిమెలసి యుండవలెను' అని వ్రాయు నభ్యాసము మనలోఁ బ్రబలమైనది. వెదకి కనుఁగొన్న శిశువునకుఁ దాను గనుఁగొన్నదానిని వేఱొకఁడు చెప్పుట, దాఁగినవానిని దొంగకంటె ముందు పోయి పట్టియిచ్చుటవంటిది.

మైత్రి

మన ప్రాచీనకథలలో మైత్రి యెట్లు నిరూపింపఁబడినదో చూతము. పంచతంత్రమున రెండవ తంత్రము మిత్రసంప్రాప్తి. లఘుపతనక మను కాకి, హిరణ్యక మను నెలుక, మంథర మను తాఁబేలు, చిత్రాంగ మను లేడి చెలిమి చేసినవి. ఒకనాఁడు లేడి వేళకు రాలేదు. తక్కినవి కలఁతనొంది, కాకిని వెదకఁ బంపినవి. కాకి యాకసమున కెగసి, వలలోఁ జిక్కిన లేడిని గని, యెలుకను దోడ్కొనిపోయి వలను గొఱికించినది. ఈ కథలో స్నేహమునకు నిదర్శనము కలిసియున్ననాఁటి మాటలు గావు, రాననాఁడు వెదకఁబోవుట. కనఁబడనివానిని 'లేఁ' డని యూరకుండక, 'ఎచటనో కలఁ' డని పోవుటయే మైత్రి. శిశువు గుడ్డక్రిందనుండి బొమ్మను లాగిన దినమున నేర్చినదియు నీ విద్యయే.

కావున దాఁగుడుమూఁతల పుస్తకమును మిత్రలాభకథల సరసన నిలుపుట తప్పుగాదు. ఒకటి వినికివలన నేర్పునది. రెండవది చేఁతవలన నేర్పునది. అట్టి పుస్తకమును బరీక్షించుటకు మూఁడు ప్రశ్నలు చాలును. దాఁగినది శిశువు తన కన్నులతోఁ గనుఁగొనఁదగినట్లున్నదా? తోఁకయో చెవియో కొంచెమైనఁ గనఁబడకున్నచో నది వ్యోమాసురుని గుహ. బొమ్మ చెప్పవలసినదానిని మాట ముందే చెప్పివేయుచున్నదా? అట్లయినచో దొంగకన్నులు మూయనే లేదన్నమాట. దొరకినవాని కాదర మున్నదా, మందలింపున్నదా? మందలింపే యున్నచో మఱునాఁ డా బిడ్డ దొరకుటకు దాఁగదు, దొరకకుండుటకు దాఁగును. పెద్దల నుడికారములోని దాఁగుడుమూఁత లచటఁ బుట్టును.

బడులలో నిట్టి పుస్తకమును జదివి వినిపించు నుపాధ్యాయుఁడు పుటను ద్రిప్పుటకుముందుఁ గొంచెము తాళవలెను; శిశువు చేయి ముందు పోనీయవలెను; తప్పుచోట వెదకిన బాలునిఁ దిద్దక, మఱియొకచోటు చూపుమని మాత్రమే యనవలెను. తరగతిలో మాటాడక మూల నొదిగియుండు బాలుఁ డొక్కఁడైన నుండును. వాఁడు దాఁగినది దొరకుటకే. వానిని వెదకు పని మాత్రము పుస్తకము చేయఁజాలదు, అది పంతులుగారిది.